పాఠకుల ప్రశ్నలు: పేరు ఉండాల్సిన చోట పేరు లేకపోతే

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఓటర్ల జాబితాల గురించీ, పింఛన్లు, రేషను గురించీ ఉన్నాయి. పైకి వేర్వేరు ఫిర్యాదుల్లా కనిపించినా దాదాపు అన్నింటి వెనకా ఉన్న సంగతి ఒక్కటే. ప్రభుత్వం దగ్గరున్న ఒక జాబితాలో మనిషి పేరు చేరడం, నిలవడం, పోవడం. అందుకే ఆ ఉత్తరాలను ఒకచోట చేర్చి, ఎన్నికల నిర్వహణ మీదా ప్రభుత్వ సేవల మీదా జరిగిన పరిశోధనలు ఏం తేల్చాయో చెబుతూ జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలను కుదించాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై దాటాయి. ఇల్లు మారలేదు, ఊరు మారలేదు. 2018 డిసెంబరులో ఓటు వేయడానికి వెళితే జాబితాలో పేరు లేదన్నారు. ఓటరు కార్డు చేతిలోనే ఉంది. తరువాత మళ్లీ దరఖాస్తు పెట్టి పేరు ఎక్కించుకున్నాం కానీ, ఆ రోజు ఆమె బడి మెట్లు దిగి వచ్చిన తీరు నేను ఇప్పటికీ మరచిపోలేదు. బతికున్న మనిషి పేరు ఎలా పోతుంది? మళ్లీ పోకుండా ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ వయసులో వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక వెనుదిరగవలసి రావడం చిన్న కష్టం కాదు.

చేతిలో కార్డు ఉండగా ఓటు ఎందుకు లేదన్న అనుమానం చాలామందికి ఉంది. కార్డు మనం ఎవరమో చెబుతుంది. ఓటు వేయనిచ్చేది మాత్రం పోలింగ్ అధికారి ముందున్న జాబితాయే. అందులో పేరుంటే కార్డు లేకపోయినా, ఎన్నికల సంఘం అనుమతించిన మరో గుర్తింపు పత్రం చూపించి ఓటు వేయవచ్చు. పేరు లేకపోతే కార్డు ఉన్నా వేయలేరు.

ఇక పేరు ఎలా పోతుందన్న ప్రశ్న. 2015 మార్చిలో ఎన్నికల సంఘం జాబితాల ప్రక్షాళనకని దేశమంతటా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఓటర్ల వివరాలను ఆధార్‌తో జోడించి, ఒకే మనిషి పేరు రెండు చోట్ల ఉంటే ఒకటి తీసివేయాలన్నది ఉద్దేశం. ఆ ఏడాది ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకం మీద మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో కార్యక్రమం ఆగిపోయింది కానీ, అప్పటికే కోట్లమంది వివరాలు జోడించడం పూర్తయింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ జరిగినప్పుడు, మీ అమ్మగారిలా పేర్లు గల్లంతైనవారు రాష్ట్రమంతటా కనిపించారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు లేదని ఆ రోజే చెప్పారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

జాబితాను శుభ్రం చేసే ఏ పనిలోనైనా రెండు రకాల తప్పులు జరుగుతాయి. పోవలసిన పేరు ఉండిపోవడం ఒకటి, ఉండవలసిన పేరు పోవడం రెండోది. మొదటి తప్పు అందరికీ కనిపిస్తుంది. చనిపోయినవారి పేర్లున్నాయని, ఒకే ఇంటి నంబరు మీద వందమంది ఉన్నారని పార్టీలు ఫిర్యాదు చేస్తాయి, పత్రికలు రాస్తాయి, పై అధికారులు సంజాయిషీ అడుగుతారు. రెండో తప్పు మాత్రం పోలింగ్ రోజు దాకా ఆ ఓటరుకు కూడా తెలియదు. తెలిసేనాటికి సరిదిద్దే గడువు దాటిపోతుంది. సంజాయిషీ అడిగే తప్పును తగ్గించడానికే ఏ కార్యాలయమైనా ఎక్కువ శ్రమపడుతుంది కాబట్టి, ప్రక్షాళన జరిగిన ప్రతిసారీ తూకం రెండో తప్పు వైపే ఒరిగే ప్రమాదం ఉంది. ఇది ఎవరి దురుద్దేశం వల్లనో జరిగేదని నేను అనుకోవడం లేదు. పనిని దేనితో కొలుస్తున్నామన్నదే ఇక్కడ అసలు కారణం.

ఈ బాధ మన గణతంత్రం అంత పాతది. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు తయారు చేసినప్పుడు, ఉత్తరాదిలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, ఫలానావారి కూతురిననో రాయించుకున్నారు. సొంత పేరు లేకుండా నమోదు చేయరాదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలిచారు. ఆ నియమం సరైనదే. స్త్రీకి తన పేరుతో ఓటు ఉండాలని పట్టుబట్టిన నియమం అది. అయినా గడువులోగా పేరు చెప్పని సుమారు 28 లక్షలమంది స్త్రీల నమోదు రద్దయింది, ఆ ఎన్నికల్లో వారు ఓటు వేయలేకపోయారు.

నిన్నమొన్నటి ఉదాహరణ బిహార్‌ది. 2025లో అక్కడ ప్రత్యేక సమగ్ర సవరణ జరిపినప్పుడు, ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పాత పేర్లు లేవు. ఆ పేర్లను, ఒక్కొక్కటీ ఎందుకు పోయిందన్న కారణంతో సహా, అందరూ చూసుకునేలా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. ఆ ఆదేశాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను. ఉన్న పేర్ల జాబితాతోపాటు పోయిన పేర్ల జాబితానూ గోడకు అంటించినప్పుడే రెండో తప్పు వెలుగులోకి వస్తుంది.

మీ విషయంలో చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఒక ఓటరు అక్కడ నివసించడం లేదన్న కారణంతో పేరు తీసివేయాలంటే ఎన్నికల నమోదు అధికారి ముందుగా ఆ ఓటరుకు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ అధికారి నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోగా జిల్లా మేజిస్ట్రేటుకూ, అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికీ అప్పీలు చేసుకోవచ్చు. నామినేషన్ల గడువు ముగిశాక మాత్రం ఆ ఎన్నిక పూర్తయ్యేదాకా జాబితాలో ఒక్క పేరు చేర్చడానికీ తీయడానికీ వీల్లేదు. కాబట్టి ఎన్నికల ప్రకటన వచ్చాక చూసుకుందామని ఊరుకోకండి. ముసాయిదా జాబితా బయటపెట్టిన ప్రతిసారీ మీ ఇంటి పేర్లు చదువుకోండి. 1950 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. పేరు లేకపోతే ఫారం 6, వివరాలలో తప్పుంటే ఫారం 8 ఇవ్వాలి. మరొకరి పేరు తీయమని అభ్యంతరం చెప్పేది ఫారం 7. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఫారం 7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో వచ్చిపడి, పోలీసు కేసుల దాకా వెళ్లింది. మీ పేరు మీద అలాంటి దరఖాస్తు పడిందని బీఎల్ఓ, అంటే మీ పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి, చెబితే, ఆ రోజే వెళ్లి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

ప్రశ్న: నేను పన్నెండేళ్లుగా దుబాయిలో పనిచేస్తున్నాను. భార్యాపిల్లలు ఊళ్లోనే ఉన్నారు. నాకు ఓటు ఉంటుందా?
— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: ఉంటుంది. మీరు భారత పౌరులుగానే ఉండి, వేరే దేశ పౌరసత్వం తీసుకోనంతవరకు, 2010లో చేసిన చట్టసవరణ ప్రకారం పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీద ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. దానికి ఫారం 6ఏ ఇవ్వాలి. ఓటు మాత్రం స్వయంగా వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించి వేయాలి. ఒక జాగ్రత్త చెబుతాను. బీఎల్ఓ ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు "ఆయన ఇక్కడ ఉండరు" అని ఊరుకుంటే, మామూలు జాబితాలో ఉన్న మీ పేరు వలస వెళ్లినవారి కింద పోతుంది. ప్రవాస ఓటరుగా నమోదయ్యారన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ప్రశ్న: మా అత్తగారు ఇరవై ఏళ్లుగా జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతున్నారు. జీడి రసానికి వేళ్ల చర్మం కాలి, వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను దుకాణంలో యంత్రం ఆవిడ వేలు తీసుకోదు. ప్రతి నెలా రెండు మూడుసార్లు తిప్పుతారు. అక్రమాలు ఆపడానికే ఈ యంత్రాలంటారు. నిజంగా ఆగాయా? ఎవరైనా లెక్కగట్టి చూశారా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చూశారమ్మా. అందులో చాలా పెద్ద లెక్క మన తెలుగు నేల మీదే జరిగింది కనుక కాస్త వివరంగా రాస్తాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలి డబ్బులు, సామాజిక పింఛన్లు వేలిముద్రలతో ముడిపెట్టిన స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వాలని తలపెట్టింది. అంతకుముందు కూలి డబ్బులు చాలావరకు తపాలా కార్యాలయాల ద్వారా వచ్చేవి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో మాట్లాడి, ఎనిమిది జిల్లాల్లో ఏ మండలంలో ముందు మొదలుపెట్టాలో, ఏ మండలంలో తరువాత మొదలుపెట్టాలో లాటరీ ద్వారా నిర్ణయించేలా ఒప్పించారు. మీ పక్కనున్న విజయనగరంతో పాటు ఆదిలాబాదు, ఖమ్మం, నల్గొండ, నెల్లూరు, కడప, కర్నూలు, అనంతపురం జిల్లాలు అందులో ఉన్నాయి. లాటరీ ఎందుకంటే, అధికారులే ఎంచుకుంటే బాగా నడిచే మండలాలనే ముందు ఎంచుకుంటారు. అప్పుడు వచ్చిన ఫలితం కార్డుదో, ఆ మండలం మంచితనానిదో తేల్చలేం. 2010లో మొదటిసారీ, 2012లో మళ్లీ ఇంటింటికీ వెళ్లి అడిగారు. ఖాతాలో ఎంత ఇచ్చినట్టు రాశారు, ఆ ఇంటివారి చేతికి నిజంగా ఎంత వచ్చింది అన్న రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. కార్డులు వచ్చిన మండలాల్లో కూలి డబ్బులు తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 20 శాతం తగ్గింది. పనిచేసిన రోజుకూ డబ్బు అందిన రోజుకూ మధ్య ఎడం తగ్గింది. ఉపాధి హామీ ద్వారా కుటుంబానికి వచ్చే వారపు ఆదాయం 24 శాతం పెరిగింది. దారిలో మాయమయ్యే సొమ్ము దాదాపు 41 శాతం తగ్గింది. లబ్ధిదారుల్లో నూటికి తొంభైమందికి పైగా పాత పద్ధతి కన్నా ఇదే మేలని చెప్పారు. కింది స్థాయి నుంచి వస్తున్న ప్రతికూల నివేదికలు విని, 2013లో ప్రభుత్వం ఈ పథకాన్ని ఆపేసే ఆలోచన చేసింది. అప్పుడు దాన్ని నిలబెట్టడంలో లబ్ధిదారులు చెప్పిన ఆ మాటలకు పాత్ర ఉంది. నివేదికలు రాసేవారు వేరు, డబ్బు అందుకోవలసినవారు వేరు అన్న సంగతి పరిశోధన వల్ల బయటపడిన సందర్భం అది.

అయితే మీ అత్తగారి సంగతి అర్థం కావాలంటే ఈ అధ్యయనంలో అంతగా ప్రచారానికి రాని ఒక వివరం చూడాలి. రెండేళ్లు గడిచాక కూడా ఆ మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కార్డుల ద్వారా జరిగాయి. కార్డు లేనివారికీ, వేలిముద్ర పడనివారికీ చేతి సంతకంతో పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడాన్ని ప్రభుత్వం ఆపలేదు. పైపెచ్చు డబ్బు పంచే మనిషి ఆ ఊళ్లోనే ఉండేది, చాలాచోట్ల స్వయం సహాయక సంఘం నుంచి వచ్చిన మహిళ. ఎవరు ఎవరో ఆమెకు ముఖం చూస్తే తెలుసు. అవినీతి తగ్గింది, అర్హులు బయటికి నెట్టబడలేదు. ఈ రెండూ కలిసి జరగడం యంత్రం వల్ల మాత్రమే సాధ్యమైందని నేను అనుకోను. యంత్రం పక్కన తెరిచి ఉంచిన ఆ రెండో తలుపు వల్లనే అది సాధ్యమైందని నా అభిప్రాయం.

ఆ తలుపు మూసేస్తే ఏమవుతుందో అదే ముగ్గురు ఝార్ఖండ్‌లో చూశారు. అక్కడ 2016 తరువాత రేషను సరుకులకు ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేశారు. తొలి దశలో అక్రమాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, కార్డుదారులకు తిప్పట మాత్రం పెరిగింది. అప్పటికి ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందే సరుకుల విలువ సగటున సుమారు 10 శాతం పడిపోయింది. తరువాతి దశలో దుకాణం దగ్గర మిగిలి ఉండవలసిన నిల్వను యంత్రపు లెక్కతో సరిచూసి, కొత్త కోటాలో ఆ మేరకు కోత పెట్టారు. అప్పుడు అక్రమాలు తగ్గాయి కానీ, తగ్గిన దానిలో కొంత భాగం అర్హుల నోటి దగ్గరి కూడే. ఒకే రకం యంత్రం, ఒకే పరిశోధకులు, రెండు రాష్ట్రాలు, రెండు ఫలితాలు.

నేను కిందటి ఏడాది ఒక పల్లెలో రేషను దుకాణం ముందు ఒక పూట కూర్చున్నాను. ఒకావిడ బొటనవేలిని చీర చెంగుతో తుడుచుకుంది, పెట్టింది, పడలేదు. తలకు రాసుకున్న నూనె తగిలేలా వేలిని పాపిటి మీద రుద్దుకుంది, పెట్టింది, పడలేదు. చూపుడువేలు, మధ్యవేలు, మళ్లీ బొటనవేలు. ఏడోసారి పడింది. ఆ ఏడుసార్లలో ఆమె ముఖం క్రమంగా ఎలా మారిందో చూశాను. తప్పు చేసి దొరికిన మనిషిలా అయిపోయింది. చేసిన తప్పు ఏమిటంటే, ముప్పై ఏళ్లు నాట్లు వేయడం.

మీరు చేయవలసింది ఇది. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలతో పాటు కంటిపాప నమోదునూ కొత్తగా చేయించండి. ఆ పైన, వేలిముద్ర పడనప్పుడు కంటిపాప ద్వారా గానీ, ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారా గానీ, మినహాయింపు రిజిస్టరులో సంతకం తీసుకుని గానీ సరుకులు ఇవ్వమని గట్టిగా అడగండి. ఆధార్ సరిపోలలేదన్న ఒక్క కారణంతో అర్హులకు రేషను నిరాకరించరాదని కేంద్ర ప్రభుత్వం 2017లోనే రాష్ట్రాలకు రాతపూర్వకంగా చెప్పింది. దుకాణంలో కుదరకపోతే తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు లేకుండా వెనక్కి రాకండి.

ప్రశ్న: 2024 ఏప్రిల్‌లో మా నాయనగారు పింఛను కోసం ఎండలో గ్రామ సచివాలయం దాకా వెళ్లవలసి వచ్చింది. ఎన్నికలొస్తే ముసలివాళ్లకు ఈ శిక్ష ఎందుకు?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఎన్నికల నిర్వహణా సేవల పంపిణీ ఒకదానితో ఒకటి నేరుగా ఢీకొన్న సందర్భం అది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు నుంచి సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లు పనిచేశారు, నెల మొదటి తేదీన పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. ఎన్నికల నియమావళి అమలులో ఉండగా వాలంటీర్లు ప్రభుత్వ సొమ్ము పంచరాదని, రెగ్యులర్ ఉద్యోగులతో ప్రత్యామ్నాయం చూసుకోవాలని ఎన్నికల సంఘం 2024 మార్చి 30న ఆదేశించింది. ఏప్రిల్‌లో సచివాలయాల దగ్గర, మే నెలలో ఎక్కువమందికి బ్యాంకు ఖాతాల ద్వారా ఇచ్చారు. ప్రభుత్వం మారాక జులై 1న సచివాలయ ఉద్యోగులే ఇళ్లకు వెళ్లి సుమారు 65 లక్షలమందికి ఇచ్చే ఏర్పాటు జరిగింది.

ఇందులో ఏ పార్టీ వాదనలోకీ నేను వెళ్లను. ఎన్నికల సంఘం ఆందోళనకు అర్థం ఉంది. ఇంటి తలుపు తట్టి డబ్బు ఇచ్చే మనిషి, ఓటు గురించి ఒక్క మాట అనకపోయినా, ఓటరు మనసులో తూగుతాడు. మీ నాయనగారి కష్టమూ అంతే నిజం. జులైలో చేయగలిగిన ఏర్పాటును ఏప్రిల్‌లోనే చేసి ఉండవచ్చు కదా అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. ఎన్నికలు అయిదేళ్లకోసారి వస్తాయని అందరికీ తెలుసు. పథకం రాసేనాడే, నియమావళి అమలులో ఉండే ఆ రెండు నెలలు ఎవరు ఎలా పంచాలో కూడా అందులో రాసిపెట్టి ఉంచాలి. ఎన్నికల సంఘం కూడా ఫలానావారు చేయకూడదని చెప్పే ఉత్తర్వుతో పాటు, నడవలేనివారికి ఇంటి దగ్గరే అందాలన్న షరతునూ అంతే గట్టిగా పెట్టాలి.

ప్రశ్న: నేను రాజనీతిశాస్త్రం విద్యార్థిని. ఓటు వేసే పద్ధతి మెరుగుపడితే ఆసుపత్రి, బడి మెరుగుపడతాయని తరగతిలో చెప్పారు. ఇది కేవలం ఆశా, లేక రుజువు ఉందా?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: రుజువు ఉంది. అది బ్రెజిల్ నుంచి వచ్చింది. అక్కడ కాగితపు బ్యాలెట్ మీద అభ్యర్థి పేరో నంబరో ఓటరు తన చేత్తో రాయవలసి ఉండేది. చదువు రానివారు, అరకొరగా వచ్చినవారు తప్పులు రాసి, లేదా ఖాళీగా వదిలేసి, ఓటు వేసి కూడా వేయనివారితో సమానమయ్యేవారు. 1990లలో ఎలక్ట్రానిక్ యంత్రం వచ్చింది. నంబరు నొక్కితే అభ్యర్థి ఫొటో కనిపిస్తుంది, తప్పు నొక్కితే యంత్రమే చెబుతుంది. 1998 ఎన్నికల్లో 40,500 మంది ఓటర్లకు మించిన పురపాలికల్లోనే యంత్రాలు వాడారు, మిగిలినచోట్ల కాగితమే. ఆ సంఖ్యకు కాస్త పైన ఉన్న ఊరికీ కాస్త కింద ఉన్న ఊరికీ మరే తేడా ఉండదు కాబట్టి, థామస్ ఫుజివారా అనే ఆర్థికవేత్త ఆ రెండు రకాల ఊళ్లనూ పోల్చి చూశారు. చెల్లని ఓట్లు ఒక్కసారిగా పడిపోయాయి, లెక్కలోకి కొత్తగా వచ్చిన ఓట్లు ప్రధానంగా చదువు తక్కువైనవారివి. యంత్రాలు రాష్ట్రాల వారీగా విస్తరించిన తీరును చూస్తే, ప్రభుత్వాల ఖర్చు ఆరోగ్యం వైపు మళ్లింది. చదువు తక్కువైన తల్లులు గర్భిణులుగా ఉన్నప్పుడు వైద్యపరీక్షలకు వెళ్లడం పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. చదువుకున్న తల్లుల్లో ఆ మార్పు కనిపించలేదు. ఆ ఓట్ల వల్ల ఎవరి మాట ప్రభుత్వానికి వినిపించిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ అధ్యయనం 2015లో వెలువడింది, మీ గ్రంథాలయంలో అడిగి తప్పకుండా చదవండి.

మన దేశం ఈ కష్టాన్ని మొదటి నుంచీ గుర్తుల ద్వారా దాటింది. గుర్తు ఉంటే అక్షరం అక్కరలేదు. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి యంత్రాలు వాడి, చట్టంలో వీలు లేదని సుప్రీంకోర్టు 1984లో తప్పుపట్టాక, చట్టం సవరించి, 2004 నాటికి దేశమంతటా తెచ్చుకున్నాం. ఆ యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాదులోని ఈసీఐఎల్. అయితే మన రెండు రాష్ట్రాల పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ కాగితపు బ్యాలెట్లే. నేను చాలా ఏళ్ల కిందట ఒక పంచాయతీ ఎన్నికల లెక్కింపు బల్ల దగ్గర ఉన్నాను. ఒక బ్యాలెట్ మీద స్వస్తిక్ ముద్ర లేదు. దాని బదులు సరిగ్గా గుర్తు మీద, ఎంతో ఒద్దికగా పెట్టిన బొటనవేలి ముద్ర ఉంది. భూమి కాగితం మీద, అప్పు పత్రం మీద, మస్టరు మీద జీవితమంతా వేలిముద్ర వేసిన మనిషి ఓటు మీదా అదే వేశాడు. ఓటు ఎవరికన్నది అక్కడున్న అందరికీ తెలుస్తూనే ఉంది. నియమం ప్రకారం అది చెల్లదు, పక్కన పెట్టాం. చెల్లని ఓట్ల మీద అధ్యయనాలు ఎప్పుడు చదివినా నాకు ఆ కాగితమే గుర్తుకు వస్తుంది.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుణ్ణి, బీఎల్ఓను కూడా. బడి అయ్యాక సాయంత్రాలు వెయ్యిమందికి పైగా ఓటర్ల ఇళ్లు తిరగాలి. పగలు వెళితే ఇళ్లకు తాళాలు. పేరు పోతే తిట్లు మాకే, పేరు మిగిలితే నోటీసులూ మాకే. మీ పరిశోధకులు మమ్మల్ని ఎప్పుడైనా చూశారా?
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నలోని బాధ న్యాయమైనది. ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో బీఎల్ఓ వార్షిక పారితోషికాన్ని 6,000 రూపాయల నుంచి 12,000కు పెంచింది. అంటే అంతకుముందు నెలకు 500 రూపాయలకు ఈ పని చేయించారు. ప్రజాస్వామ్యానికి పునాది అని మనం చెప్పుకునే జాబితాకు మనం ఇచ్చిన విలువ అది. సిబ్బందిని పెంచకుండా, సమయం ఇవ్వకుండా, తప్పులు తగ్గించమని ఒత్తిడి పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

మీలాంటి క్షేత్ర ఉద్యోగుల పనిని తక్కువ ఖర్చుతో, న్యాయంగా కొలవవచ్చా అన్నదాని మీద ఒక అధ్యయనం మీ రాష్ట్రంలోనే జరిగింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు కింద ఎకరానికి 4,000 రూపాయల చొప్పున 57 లక్షలమంది భూయజమానులకు చెక్కులు పంచింది. లాటరీ ద్వారా ఎంచిన కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు మాత్రం ముందే ఒక మాట చెప్పారు. చెక్కు అందిందా, సకాలంలో అందిందా అని మీ రైతులకు ఫోన్ చేసి అడుగుతాం, దాన్నిబట్టే మీ పనిని చూస్తాం అన్నారు. అదనంగా డబ్బు ఇవ్వలేదు, శిక్షలు ప్రకటించలేదు. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు నాలుగు పైసల లోపే.

నన్ను ఆకట్టుకున్నది ఆ ప్రశ్న అడిగిన తీరు. దొంగ పేర్లు ఎన్ని పట్టుకున్నారని అడగలేదు. అందవలసినవారిలో ఎందరికి అందలేదని అడిగారు. ఓటర్ల జాబితాలకూ ఇదే పద్ధతి తేవాలని నేను కోరుతున్నాను. ప్రతి సవరణలో తొలగించిన పేర్ల నుంచి మండలానికి కొన్ని వందలు లాటరీ తీసి, ఆ ఇళ్లకు మరో మండలం ఉద్యోగిని పంపి, ఆ మనిషి నిజంగా చనిపోయారా, ఊరు విడిచారా అని కనుక్కోవాలి. తప్పుగా పోయిన పేర్ల శాతాన్ని తుది జాబితాతో పాటే ప్రకటించాలి. అప్పుడు తాళం వేసిన ఇంటి ముందు మీరు ఎన్నిసార్లు నిలబడ్డారన్నది కూడా లెక్కలోకి వస్తుంది, ఒక్కసారి వెళ్లి 'వలస' అని రాసేసిన చోటు ఎక్కడో కూడా తెలుస్తుంది.

అది జరిగేలోగా మీ రక్షణ కోసం ఒక పని చేయండి. తాళం ఉన్న ఇంటికి ఎప్పుడెప్పుడు వెళ్లారో తేదీ, వేళ, పక్కింటివారు చెప్పిన మాట మీ రిజిస్టరులో రాసి, వీలైతే వారి సంతకం తీసుకోండి. ఉపాధి పని సీజనులో పగలు వెళ్లవద్దు, ముంబై, పుణె వలస వెళ్లిన కుటుంబాల ఇళ్లకు సంక్రాంతికో, ఊరి జాతరకో మరోసారి వెళ్లండి. మీ మహబూబ్‌నగర్ వలస కూలీలు ఆ రోజుల్లో ఇంటికి వస్తారని నాకన్నా మీకే బాగా తెలుసు. సవరణ గడువు ఆ రోజులకు ముందే ముగుస్తుంటే, పండుగ తరువాత దాకా పొడిగించమని మీ ఉపాధ్యాయ సంఘం ద్వారా ఎన్నికల నమోదు అధికారికి ఇప్పుడే రాయండి, ఆ ఉత్తరం నకలు మాకూ పంపండి.